సూది గుచ్చిన చోటు నుంచి రిపోర్టు దాకా: రక్త పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రక్త పరీక్షలకు సంబంధించినవే. అనుమానాలు వేరైనా చాలావాటికి మూలం ఒకటే: అందరూ యంత్రాన్ని శంకిస్తున్నారు, శాంపిల్ యంత్రం దాకా ఎలా చేరిందన్నది ఎవరూ అడగడం లేదు. ప్రయోగశాలలో పనిచేసేవారిని అడిగితే, పొరపాట్లలో అధికభాగం కొలిచేటప్పుడు కాక అంతకుముందే జరుగుతాయని చెబుతారు.

ప్రశ్న: డాక్టరు గారు మూడు పరీక్షలు రాస్తే టెక్నీషియన్ నాలుగు ట్యూబులలో రక్తం తీశారు. ఒక్కోదానికి ఒక్కో రంగు మూత ఉంది. ఒకే చేతి నుంచి వచ్చే రక్తానికి ఒక్క ట్యూబు చాలదా? ఇంత రక్తం పోతే నీరసం రాదా?

జవాబు: చాలదు. ఒంట్లోంచి బయటపడిన రక్తం నిమిషాలలో గడ్డకట్టనారంభిస్తుంది. కొన్ని పరీక్షలకు అది గడ్డకట్టాలి, కొన్నింటికి కట్టకూడదు. ట్యూబులో ముందుగా వేసి ఉంచిన రసాయనం ఏదో మూత రంగును బట్టి తెలుస్తుంది.

ఎరుపు లేదా పసుపు మూత ట్యూబులోని రక్తాన్ని సుమారు అరగంట సేపు కదపకుండా ఉంచి గడ్డకట్టనిచ్చి, తరువాత సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పుతారు. కణాలతో కూడిన గడ్డ అడుగుకు దిగి, పైన లేత పసుపు రంగు ద్రవం తేరుకుంటుంది. దానినే సీరం అంటారు. కాలేయం, మూత్రపిండాలు, కొలెస్టరాల్, థైరాయిడ్ పరీక్షలు సాధారణంగా దీనిపైనే చేస్తారు. పసుపు మూత ట్యూబులో ఉండే జెల్, తిప్పినప్పుడు సీరానికీ గడ్డకూ నడుమ చేరి రెండింటినీ వేరుగా ఉంచుతుంది. ఊదారంగు మూత ట్యూబులోని ఈడీటీఏ అనే లవణం రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుని గడ్డకట్టనివ్వదు కనుక, రక్తకణాల లెక్కకూ, గత రెండు మూడు నెలల సగటు గ్లూకోజ్‌ను తెలిపే హెచ్‌బీఏ1సీకీ అది సరిపోతుంది. లేత నీలం మూత ట్యూబు రక్తం గడ్డకట్టే తీరును పరీక్షించడానికి. అందులో ఒక వంతు సిట్రేట్ ద్రావణానికి సరిగ్గా తొమ్మిది వంతుల రక్తం పడాలి. సగమే నిండిన నీలం మూత ట్యూబును ప్రయోగశాల తిప్పి పంపితే అది వారి మొండితనం కాదు.

ఇక బూడిదరంగు మూత ట్యూబు గ్లూకోజ్ కోసం. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. కణాలను వేరు చేయకుండా గది వేడిలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున గ్లూకోజ్ తగ్గిపోతుంది. అంటే పరగడుపున 130 (డెసిలీటరుకు మిల్లీగ్రాములలో) ఉన్న వ్యక్తికి కూడా, శాంపిల్ రెండు మూడు గంటలు బల్ల మీద ఉండిపోతే, మధుమేహం లేదనిపించే అంకె రావచ్చు. ఈ ట్యూబులోని సోడియం ఫ్లోరైడ్ ఆ వాడకాన్ని ఆపుతుంది. అయితే ఆ పని వెంటనే జరగదు. మొదటి గంటలో కొంత తరుగు ఉండనే ఉంటుంది కనుక, బూడిదరంగు మూత ఉన్నదన్న ధీమాతో ఆలస్యం చేయడం మంచిది కాదు.

నీరసం సంగతికి వస్తే, పెద్దవారి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక్కో ట్యూబులో పట్టేది 2 నుంచి 5 మిల్లీలీటర్లే. నాలుగు ట్యూబులూ కలిపినా నాలుగు చిన్న చెంచాలకు మించదు. పసిపిల్లల విషయంలో మాత్రం ఈ లెక్క నిజంగానే ముఖ్యం. అందుకే వారికి చాలా పరీక్షలను మడమ దగ్గర గుచ్చి తీసిన కొద్ది చుక్కలతోనే చేస్తారు.

ప్రశ్న: మా నాన్నగారి రిపోర్టులో పొటాషియం 6.4 అని వచ్చింది. ఇల్లంతా కంగారుపడ్డాం. అదే రోజు మళ్ళీ రక్తం ఇస్తే 4.3 వచ్చింది. ఏది నమ్మాలి? యంత్రం చెడిపోయిందా?

జవాబు: యంత్రం రెండుసార్లూ సరిగ్గానే కొలిచి ఉండవచ్చు. ట్యూబులో ఎంత ఉందో అది చెప్పింది. ట్యూబులో ఉన్నదంతా మీ నాన్నగారి ఒంట్లో ఉన్నదేనా అన్నది వేరే ప్రశ్న.

పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉంటుంది. ఇది రక్తద్రవంలోని మోతాదు మాత్రమే. ఎర్ర రక్తకణాల లోపల అంతకు 20 రెట్లకు పైగా ఉంటుంది. కణాలు కొన్ని పగిలినా ఆ నిల్వ బయటికి వచ్చి అంకెను పెంచేస్తుంది. సన్నటి సూదితో బలవంతంగా లాగడం, సిరంజిలోని రక్తాన్ని సూది గుండానే ట్యూబులోకి చిమ్మడం, మెల్లగా తలకిందులు చేసి కలపవలసిన ట్యూబును గట్టిగా ఊపడం వంటివి కణాలను పగులగొడతాయి. అలాంటి శాంపిల్‌లో సీరం పసుపు బదులు గులాబీ లేదా ఎరుపు ఛాయలో కనిపిస్తుంది. ప్రయోగశాల వారు దీనిని హీమోలైసిస్ అని రిపోర్టులో రాస్తారు. ఆ మాట కనిపిస్తే పొటాషియంతో పాటు కణాలలో ఉండే ఎంజైములైన ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అంకెలను కూడా నమ్మకూడదు.

రంగు మారకుండానే మోసం చేసే కారణాలు ఇంకా ఉన్నాయి. చేతికి పట్టీ బిగించి, సిర కనిపించడం కోసం పిడికిలిని పదే పదే మూసి తెరవమంటే కండరాల నుంచి పొటాషియం వెలువడుతుంది. పట్టీని ఒక నిమిషానికి మించి ఉంచితే నీరు కణజాలంలోకి ఇంకి ప్రోటీన్లు, వాటిని అంటిపెట్టుకున్న కాల్షియం కూడా చిక్కబడతాయి. కణాలను వేరు చేయకుండా శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం మరొక పొరపాటు. చెడిపోకుండా ఉంటుందని చేసే పనే, కానీ పొటాషియాన్ని కణాల లోపల నిలిపి ఉంచే పంపు చలికి మందగించి, అది బయటికి కారిపోతుంది. చివరిది, అన్నింటికన్నా తమాషా అయినది, ట్యూబులు నింపే వరుస. ఊదా ట్యూబులోని ఈడీటీఏ పొటాషియం లవణమే కనుక, దానిని ముందు నింపి ఆ చుక్క ఏ కాస్త సీరం ట్యూబులోకి చేరినా పొటాషియం ఎక్కువగానూ కాల్షియం నమ్మశక్యం కానంత తక్కువగానూ కనిపిస్తాయి. ఈ రెండూ జంటగా కనిపిస్తే అనుభవజ్ఞులు రోగి కన్నా ముందు ట్యూబును అనుమానిస్తారు. అందుకే నీలం, తరువాత ఎరుపు లేదా పసుపు, ఆపైన ఊదా, చివరికి బూడిద అన్న వరుసను పాటిస్తారు.

అయితే ఎక్కువగా వచ్చిన పొటాషియాన్ని శాంపిల్ తప్పు అని మీకు మీరే కొట్టిపారేయవద్దు. నిజంగానే అంత ఉంటే గుండె లయ దెబ్బతింటుంది. మీరు చేసినట్లుగా అదే రోజు తిరిగి పరీక్షించడం, వైద్యుడు అవసరమనుకుంటే ఈసీజీ తీయించడం సరైన పద్ధతి.

ప్రశ్న: పరగడుపున రమ్మంటే మంచినీళ్ళు కూడా తాగకూడదా?

జవాబు: నీళ్ళు తాగవచ్చు, తాగితేనే సిర తేలికగా దొరుకుతుంది. 8 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఉంటే చాలు. కాఫీ, టీలు పనికిరావు. హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్ష అయిన టీఎస్‌హెచ్ వంటి వాటికి పరగడుపు అక్కరలేదు. రోజూ వేసుకునే మందుల విషయం మాత్రం వైద్యుణ్ణి అడిగి తేల్చుకోండి.

ప్రశ్న: ఇంట్లో గ్లూకోమీటరు 148 చూపింది. పావుగంట తరువాత ల్యాబ్‌లో 132 వచ్చింది. మీటరు పారేయాలా?

జవాబు: అక్కరలేదు. గ్లూకోజ్ 100 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నప్పుడు ప్రయోగశాల అంకెకు అటూ ఇటూ 15 శాతం తేడాను అంతర్జాతీయ ప్రమాణమే అనుమతిస్తుంది. 132కు ఆ హద్దులు దాదాపు 112, 152. పైగా మీటరు వేలి కొసలోని సూక్ష్మనాళాల రక్తాన్ని చూస్తుంది, ప్రయోగశాల సిరలోని రక్తం నుంచి కణాలను తీసేశాక మిగిలే ద్రవాన్ని, అంటే ప్లాస్మాను, చూస్తుంది. భోజనం తరువాత కణజాలం గ్లూకోజ్‌ను తీసుకుంటూ ఉంటుంది కనుక వేలి దగ్గర అంకె కాస్త ఎక్కువగా ఉండడం సహజం. పండు ఒలిచిన చేతిని కడగకుండా గుచ్చుకుంటే మాత్రం ఆ తీపిని కూడా మీటరు లెక్కవేస్తుంది. రోజువారీ అదుపునకు మీటరు చాలు. మధుమేహం ఉందా లేదా అని తేల్చడానికి చాలదు.

ప్రశ్న: ఆరోగ్యంగానే ఉన్నాను. సరదాగా చేయించుకున్న పెద్ద ప్యాకేజీలో రెండు అంకెల పక్కన నక్షత్రం గుర్తు ఉంది. జబ్బు ఉన్నట్లా?

జవాబు: ఆ గుర్తుకు అంత అర్థం లేదు. రిపోర్టులో పక్కన ముద్రించే హద్దులను, ఆరోగ్యవంతులలో నడిమి 95 శాతం మంది అంకెలను తీసుకుని నిర్ణయిస్తారు. అంటే ఆరోగ్యంగా ఉన్నవారిలోనే ఇరవై మందికి ఒకరు, ఏ జబ్బూ లేకుండా, హద్దు దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకుంటే, వాటిలో కనీసం ఒక్కటైనా హద్దు దాటే అవకాశం 64 శాతం. ఎంత పెద్ద ప్యాకేజీ అయితే అన్ని నక్షత్రాలు. హద్దుకు పిసరంత అవతల ఉన్న అంకె, రెట్టింపు ఉన్న అంకె ఒకే గుర్తు తెచ్చుకుంటాయి. ఎంత దూరంగా ఉంది, కిందటిసారి ఎంత ఉంది, మీకు లక్షణాలు ఉన్నాయా అన్నవే వైద్యుడు చూస్తారు. ఏ అవసరమూ లేకుండా ప్యాకేజీలు చేయించుకోవడాన్ని నేను ప్రోత్సహించను.

ప్రశ్న: జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. థైరాయిడ్ పరీక్షకు ముందు ఆపాలా?

జవాబు: ఆపాలి. కనీసం రెండు రోజుల ముందు నుంచి మానడం మంచిది. చాలా యంత్రాలు హార్మోన్లను పట్టుకోవడానికి బయోటిన్‌నే ఒక కొక్కెంలా వాడుకుంటాయి. మాత్రలలోని బయోటిన్ ఆ కొక్కేల చోటును ఆక్రమిస్తే టీఎస్‌హెచ్ తక్కువగానూ, థైరాయిడ్ హార్మోన్ అయిన టీ4 ఎక్కువగానూ కనిపించి, లేని హైపర్‌థైరాయిడిజం (థైరాయిడ్ అతిగా పనిచేయడం) ఉన్నట్లు తోస్తుంది. అన్ని యంత్రాలకూ ఈ ఇబ్బంది లేదు కానీ, మీ శాంపిల్ ఏ యంత్రంలోకి వెళుతుందో మీకు తెలియదు కనుక ఆ సంగతిని రక్తం తీసేవారికి చెప్పి ఫారం మీద రాయించండి.