సకినాలు మానేస్తే మొటిమలు తగ్గుతాయా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మొటిమలకు నూనె వంటలే కారణమని అమ్మ హాస్టల్‌కు సకినాలు పంపడం మానేసింది. అది నిజమేనా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తిన్న నూనె నేరుగా ముఖం మీదికి రాదు. కూల్‌డ్రింకులు, మైదా బిస్కెట్లు, తెల్లన్నం వంటివి ఎక్కువగా తీసుకుంటే రక్తంలో చక్కెర వేగంగా పెరుగుతుంది. దాంతో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 (శరీర పెరుగుదలకు తోడ్పడేది) అనే హార్మోన్లు అధికమై, చర్మంలోని తైలగ్రంథులు జిడ్డును ఎక్కువగా స్రవించడం వల్ల కొందరిలో మొటిమలు ముదురుతాయి. సకినాలూ బియ్యప్పిండివే కనుక మీ అమ్మగారి జాగ్రత్తలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా సంక్రాంతికి నాలుగు తింటే భయపడనవసరం లేదు. పాలు ఎక్కువగా తాగితే కొందరిలో మొటిమలు పెరుగుతున్నట్టు అధ్యయనాలు సూచిస్తున్నాయి కాబట్టి, హాస్టల్లో మాటిమాటికీ తాగే తీపి చాయ్‌ను ముందు తగ్గించండి. రాత్రి అన్నానికి బదులు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు మేలు. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. నెలసరి కూడా క్రమం తప్పుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి.