స్టేట్‌మెంట్ తీసేశాక కూడా పాత ఆబ్జెక్ట్ పాయింట్స్-టు సెట్‌లో ఎందుకు ఉండిపోతుంది?

మీ ప్రశ్న: ఆండర్సన్ పద్ధతిలో (ప్రోగ్రామ్ నడపకుండానే ఏ వేరియబుల్ ఏ ఆబ్జెక్ట్‌లను చూపించగలదో లెక్క కట్టే పద్ధతి; ఆ ఆబ్జెక్ట్‌ల జాబితాయే పాయింట్స్-టు సెట్), కోడ్ మారినప్పుడల్లా మారినంత మేరకే లెక్క కడుతున్నారు. స్టేట్‌మెంట్ కలిపితే సరిగ్గానే వస్తోంది, తీసేస్తే పాత ఆబ్జెక్ట్ పోవట్లేదు. ఆబ్జెక్ట్ ఎన్ని ఎడ్జ్‌ల (గ్రాఫ్‌లో ఒక వేరియబుల్ నోడ్ నుంచి ఇంకోదానికి విలువ పారే బాణాల) మీదుగా వచ్చిందో కౌంట్ పెట్టుకున్నారు.

ఆ కౌంటే కొంప ముంచుతోంది. ఇది చూడండి (పి, క్యూ, ఆర్ వేరియబుల్స్, ఓ ఆబ్జెక్ట్; మొదటి లైన్‌తో పి ఓని చూపిస్తుంది):

పి = &ఓ
క్యూ = పి
ఆర్ = క్యూ
క్యూ = ఆర్

‘క్యూ = పి’ తీసేస్తే క్యూలో ఓ కౌంట్ 2 నుంచి 1కి దిగి ఆగిపోతుంది. ఆ ఒక్కటీ ఆర్ ఇచ్చింది, ఆర్‌కి ఇచ్చిందేమో క్యూనే. ఒకదానికొకటి దొంగ సాక్ష్యం! జవాబు అన్‌సౌండ్ (ఉండాల్సిన ఆబ్జెక్ట్‌ని వదిలేసేది) కాదు గానీ, ఎడిట్లు పెరిగేకొద్దీ చెత్త పేరుకుంటుంది.

కౌంట్ మానేసి సైకిల్‌ని (క్యూ, ఆర్‌ల లాంటి చుట్టుదారిని) ఒకే నోడ్‌గా కుదించండి. ఎడ్జ్ తీసేశాక, అది చేరే నోడ్‌కి బయటి నుంచి వచ్చే మిగతా ఎడ్జ్‌లను చూడండి. వాటి అవతలి చివర ఏ నోడ్‌లోనైనా ఓ ఉంటే, లేదా ఆ నోడ్‌లోనే ‘&ఓ’ ఉంటే, అక్కడితో ఆపేయండి. లేదంటే ఓని తీసేసి, కింది నోడ్లకు ఇదే పరీక్ష పెట్టండి. ఎడ్జ్‌లను ఒక్కొక్కటిగానే తీయాలి, గుంపుగా తీస్తే ఇంకా తుడవని పాత విలువే ఆధారంలా కనబడుతుంది. యూనియన్-ఫైండ్‌తో (గుంపులను కలుపుతూ పోయే డేటా స్ట్రక్చర్) కలిపిన నోడ్లు మళ్లీ విడిపోవు కాబట్టి అసలు ఎడ్జ్‌లను విడిగా దాచుకోండి. సైకిల్ లోపలి ఎడ్జ్ పోతే ఆ నోడ్ల మీద మాత్రమే టార్జన్ (సైకిళ్లను వెతికే అల్గారిథం) నడిపితే చాలు.

ఇంతా చేసినా లింక్డ్ లిస్ట్ దగ్గర దెబ్బ తింటారు. ‘పి = పి.నెక్స్ట్’ ఉంది, ఓ.నెక్స్ట్‌లో ఓ వేరే దారిన ముందే చేరింది, పిలోకి ఓ ‘పి = క్యూ’ వల్ల వచ్చింది అనుకోండి. ‘పి = క్యూ’ తీసేస్తే పై పరీక్ష ‘ఓ.నెక్స్ట్ నుంచి ఓ వస్తోందిగా’ అని ఆగిపోతుంది. కానీ ఆ ఎడ్జ్ పుట్టిందే పిలో ఓ ఉండబట్టి! లోడ్, స్టోర్‌ల (ఫీల్డ్‌ని చదవడం, ఫీల్డ్‌లో రాయడం) వల్ల పుట్టిన ఎడ్జ్‌ని ఆధారంగా తీసుకునే ముందు, అది ఏ ఫ్యాక్ట్ (‘పిలో ఓ ఉంది’ లాంటిది) మీద నిలబడిందో చూడాలి. అనుమానం ఉంటే ముందు తీసేసి, మిగిలిన ఆధారాలతో తిరిగి రాబట్టడమే క్షేమం. ఒకదాన్నొకటి పిలుచుకునే మెథడ్లు కాల్ గ్రాఫ్‌లో (ఏ మెథడ్ దేన్ని పిలుస్తుందో చూపే గ్రాఫ్) చావకుండా మిగలడం కూడా ఇదే జబ్బు.

అలొకేషన్ సైట్‌కి (కోడ్‌లో ఆబ్జెక్ట్ పుట్టే చోటుకి) లైన్ నంబర్‌తో పేరు పెట్టకండి. పైన ఒక్క ఖాళీ లైన్ చేరిస్తే ఫైల్‌లో దాని కింద ఉన్నవన్నీ ‘మారినట్టే’. మెథడ్ సిగ్నేచర్, టైప్, ఆ మెథడ్‌లో ఎన్నోది అన్నవి కలిపి పేరు పెట్టండి.

పరీక్షించడానికి ప్రతి ఎడిట్ తర్వాతా మొదటి నుంచి పూర్తి అనాలిసిస్ కూడా నడిపి పోల్చండి. కనిష్ఠ జవాబు ఒక్కటే కాబట్టి సెట్లు అచ్చంగా కలవాలి. ఎక్కువ వస్తే తప్పు తీసివేతలో ఉంటుంది. తక్కువ వస్తే, అవసరానికి మించి తుడిచేసి తిరిగి నింపలేదేమో చూడండి.