ముందు అమ్మమ్మ, ఆ తర్వాతే గుహలు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, పాపకి తొమ్మిది. ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతున్నాను. ఈ ఏడాది చరిత్ర మొదలుపెట్టాలి. రాతియుగం నుంచి వరసగా చెబుదామని నేనంటాను. బాబుకి ట్యాంకులంటే పిచ్చి కాబట్టి ప్రపంచ యుద్ధాలతో మొదలుపెడదామని మావారంటారు. పొరపాటు చేస్తే పెద్ద క్లాసుల్లో వెనకబడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ టెన్షన్ అక్కర్లేదమ్మా. ఈ వయసులో నేర్చుకున్న తేదీలు ఎలాగూ మర్చిపోతారు. ‘ఇది మనకెలా తెలిసింది?’ అని అడిగే అలవాటు మాత్రం ఉండిపోతుంది. రేపు లా చదివినా, జర్నలిజంలోకి వెళ్లినా పనికొచ్చేది అదే.

నా ఓటు మీకే, చిన్న మెలికతో. ఆరేళ్ల పిల్లాడికి ఐదు వేల ఏళ్ల కిందట అన్నా, మొన్న అన్నా ఒకటే. అందుకని మొదటి రెండు మూడు వారాలు అమ్మమ్మ చిన్నతనం గురించి చెప్పండి, ఆవిడ చేతే చెప్పిస్తే మరీ మంచిది. ఒక తాడు తీసుకుని పదేళ్లకి ఒక సెంటీమీటరు చొప్పున గుర్తులు పెట్టండి. బాబు వయసు సెంటీమీటరు కూడా రాదు. గీజాలోని పెద్ద పిరమిడ్ నాలుగున్నర మీటర్ల అవతల ఉంటుంది. గుహల బొమ్మల దగ్గరికొచ్చేసరికి తాడు గుమ్మం దాటి బయటికి పోతుంది. పోనివ్వండి.

గుహల్లో స్పెయిన్‌లోని అల్తమీరాతో మొదలుపెట్టండి. 1879లో తండ్రి సౌతువోలా నేల మీద పాత పనిముట్లు వెతుకుతుంటే, చిన్నపిల్ల మరియా తలెత్తి పైకప్పు మీద జంతువుల బొమ్మలు చూసింది. అవి అంత పాతవంటే పండితులు నమ్మలేదు, ఆయన్నే అనుమానించారు. వాళ్లలో ముఖ్యుడైన కార్తయాక్ 1902లో తప్పు ఒప్పుకునేనాటికి ఆయన పోయి పద్నాలుగేళ్లు. ఈ కథ మీ పాపకి బాగా పడుతుంది.

తర్వాత మెసొపొటేమియా. తడిమట్టి పలక మీద పుల్లతో రాయడం ఇద్దరూ చేస్తారు. సింధు ముద్రల మీది లిపిని పెద్దవాళ్లు ఇప్పటికీ చదవలేకపోయారని చెప్పి చూడండి. ఇద్దరికీ వేరువేరు కాలాలు మాత్రం పెట్టుకోకండి, మీరు అలిసిపోతారు. పాఠం ఒకటే, పాపకి రాత పని కాస్త ఎక్కువ.

యుద్ధాలు ఇప్పుడు వద్దనడానికి కారణం ఉంది. దేశాలు, సరిహద్దులు తెలియని పిల్లాడికి వాటిలో మిగిలేది తుపాకుల చప్పుడే. నాజీల నిర్బంధ శిబిరాల గురించి ఆరేళ్లవాడికి చెప్పలేం, అవి వదిలేసి చెబితే అది ఆ యుద్ధమే కాదు. ప్రాచీనం, మధ్యయుగం, ఆధునికానికి తొలి దశ, ఇటీవలి కాలం అని ఏడాదికొకటి పెట్టుకుంటే నాలుగో ఏడు వచ్చేసరికి బాబుకి తొమ్మిది, పాపకి పన్నెండు నిండుతాయి. ఆ ఏడు పాఠం మీవారిది.

ఈలోపు ట్యాంకుల గురించి అడిగితే కసురుకోకుండా జవాబు చెప్పి, తాడు మీద 1945 దగ్గర ఓ ముడి వేయించండి. ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర, దాదాపు అమ్మమ్మ పక్కనే పడుతుంది.