రొయ్యల మీద మైక్రోప్లాస్టిక్ ప్రాజెక్టుకు బయట కొనే పూసలు సరిపోతాయా?

నెల్లూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నానని, వనామీ రొయ్య మీద మైక్రోప్లాస్టిక్ (సన్నటి ప్లాస్టిక్ ముక్కల) ప్రభావం ప్రాజెక్టుగా ఇచ్చారని, కంపెనీలు అమ్మే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ పూసలతో చేస్తే చాలా అని అడిగారు. చాలదు. ఇదే జిల్లాలో ఇలాంటి ప్రాజెక్టులోనే పనిచేశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

పూసలతో పని సుఖంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అన్నీ ఒకే సైజు, ఒకే గుండ్రం. మెరిసే రంగు వేసినవీ దొరుకుతాయి, రొయ్య ఒంట్లో ఎక్కడిదాకా వెళ్లాయో మైక్రోస్కోపులో చూసేయొచ్చు. కానీ అల్లూరు రొయ్యల గుంటల్లో గానీ, మైపాడు ఒడ్డున గానీ మీకు దొరికేవి అవి కావు. వల దారాల పోగులు, కవర్ల పీలికలు, చివికిన సంచి రేకులు. పైగా పూసల సీసాలో ఉండేవి ఉత్త నీళ్లు కూడా కావు. ముద్దకట్టకుండా సబ్బులాంటి సర్ఫాక్టెంట్, బ్యాక్టీరియా పెరగకుండా సోడియం అజైడ్ కలుపుతారు. అజైడ్ విషం. 2019లో డాఫ్నియా అనే చిన్న నీటి జీవి మీద చేసిన పరీక్షల్లో, ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవైన నానో పూసలదనుకున్న విషప్రభావం చాలావరకు ఈ అజైడ్‌దేనని తేలింది. డయాలసిస్ చేసి, అంటే సన్నటి పొర గుండా ఆ రసాయనాలను బయటికి పోనిచ్చి, కడక్కుండా ట్యాంకులో పోస్తే ఆ ఫలితం దేనికీ పనికిరాదు.

డోసు ఇంకో గొడవ. 2016లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు లెక్కగట్టి చెప్పారు: ల్యాబుల్లో వాడుతున్న మోతాదులు సముద్రంలో ఉన్నదానికంటే వంద రెట్ల నుంచి కోటి రెట్ల దాకా ఎక్కువని. అంత పోస్తే ఉప్పు కూడా చంపుతుంది.

మా గైడ్ మేడమ్‌ది మొదటి నుంచీ ఒకటే మాట, గుంటలో ఉన్నదే ట్యాంకులోకి రావాలని. అందుకని ఇందుకూరుపేట వైపు ఒక రైతు గుంటల దగ్గరికి వెళ్లాం. కట్ట మీద ఖాళీ మేత సంచులు పడి ఉన్నాయి, రెండు ఎండాకాలాలు చూసినవట. ఒకదాన్ని మూల పట్టుకుని ఎత్తాను. సంచి లేవలేదు, నా వేళ్ల మధ్య ఉన్న ముక్క మాత్రం ఊడొచ్చింది. మిగతాది పొట్టు పొట్టుగా రాలి, గాలికి లేచి నీళ్ల మీద పడింది. ఆ ముక్కను అరచేతిలో రుద్దితే తెల్లటి పొడి. రైతు "ఈ చివికినవి ఎందుకమ్మా నీకు, కొత్తవి ఇస్తా తీసుకుపో" అన్నారు. కొత్తది కూడా ఒకటి తీసుకున్నాం, పోల్చుకోవడానికి.

ఆ సంచి పాలీప్రొపిలీన్. ఎండలోని అల్ట్రావయొలెట్, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాని పొడవాటి అణువుల గొలుసులను తెంపుతాయి. ఎఫ్‌టీఐఆర్‌లో పెడితే (ఏ పదార్థమో ఇన్‌ఫ్రారెడ్ కాంతితో గుర్తుపట్టే యంత్రం) గ్రాఫులో 1715 ప్రాంతంలో కార్బొనిల్ పీక్ లేస్తుంది, ప్లాస్టిక్‌కు ఆక్సిజన్ పట్టిందనడానికి అదే గుర్తు. కొత్త సంచిలో ఆ పీక్ లేదు, కట్ట మీది దాంట్లో స్పష్టంగా ఉంది. పెద్ద ల్యాబులు దీనికోసం యూవీ ఛాంబర్లు కొంటాయి. మనకు మే నెల ఎండ చాలు.

ఇంకా సన్నగా చేయాలంటే మామూలు గ్రైండర్‌తో కుదరదు. రాపిడికి వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడి ఉండ కడుతుంది. లిక్విడ్ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో ముంచితే గాజులా పెళుసెక్కుతుంది, అప్పుడు నూరుకోవాలి. అది ఇక్కడెక్కడ దొరుకుతుందని టెన్షన్ పడకండి. పశువుల కృత్రిమ గర్భధారణకు సెమన్ స్ట్రాలు దాచేది అందులోనే. ఒంగోలు గిత్తల సెమన్ ఊళ్లకు వెళ్లేది ఆ క్యాన్లలోనే. వాళ్లకు సరఫరా చేసేవాళ్ల దగ్గరే మేమూ కొన్నాం.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. పొడిని జల్లెడ పట్టి ట్యాంకులో వేస్తే అంతా పైనే తేలింది. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక. రొయ్యేమో మేత అడుగున ఏరుకుంటుంది. అక్కడితో ఆపేసి ఉంటే రొయ్య ప్లాస్టిక్ తినదని రాసుకునేవాళ్లం. అదే పొడిని గుంట నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టాం. బ్యాక్టీరియా, నాచు పట్టి పైన జిగురు పొర కట్టింది. బరువెక్కి కొంత కొంతగా అడుక్కి దిగి, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి అడుగున ఉంచే పళ్లెంలో) మేతతో కలిసిపోయింది. తర్వాత రొయ్యలను కోసి, వీపు మీది నల్ల నరం, అంటే పేగు, తీసి, దాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి వడకట్టాం. ఫిల్టర్ మీద అంచులు చీలిన తెల్ల రేకులు. కాల్చిన సూది మొన ఆనిస్తే ముడుచుకుపోయాయి. కడిగిన కొత్త పూస ఈ కథ మీకు ఎప్పటికీ చెప్పదు.

ఈ పనంతా ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, కాటన్ బట్టల్లో చేయాలి. ఏప్రిల్‌లో నెల్లూరులో అదెలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కానీ పాలిస్టర్ చున్నీ నుంచి రాలిన పోగు కూడా ఫిల్టర్ మీద మైక్రోప్లాస్టిక్‌గానే లెక్కకొస్తుంది. పక్కన ఖాళీ ఫిల్టర్ పెట్టి, దాని మీద ఎన్ని పడ్డాయో చూపించని పేపర్‌ను నేను నమ్మను.

జనం భయపడే తీరు చూస్తే కూడా బాధేస్తుంది. 2017లో ప్లాస్టిక్ బియ్యం అని పుకారు లేస్తే మొలగొలుకులు పండిన ఈ గడ్డ మీద కూడా అన్నాన్ని ఉండ చేసి నేలకు కొట్టి చూశారు. అలా చూసినవాళ్లే పొగలు కక్కే సాంబారు పాలిథిన్ కవర్లో కట్టించుకెళ్తారు. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు 15 నిమిషాలు ఉంచితే 25,000 దాకా సూక్ష్మ ముక్కలు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చూపించారు. టీ కొట్టు దగ్గర ఆ మాట ఎత్తేవాళ్లే లేరు.

టైటిల్‌లో నానో అని మాత్రం పెట్టకండి. ఒక మైక్రాన్ కంటే చిన్నవాటిని మన మైక్రోస్కోపులతో లెక్కపెట్టలేం. 2024లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు లీటరు బాటిల్ నీళ్లలో సగటున 2,40,000 ముక్కలు, అందులో 90 శాతం నానోవే, అని చెప్పడానికి ప్రత్యేకమైన లేజర్ మైక్రోస్కోపీ కావాల్సి వచ్చింది. మీరు మైక్రో వరకే తీసుకుని, గుంట నీళ్లలో ఎంత ఉందో ముందు కొలిచి, అంతే డోసు వేయండి.

నన్నడిగితే మన గుంటల్లో ప్లాస్టిక్‌కు మొదటి దారి ఆ మేత సంచే. ఖాళీ అయిన రోజే మడిచి షెడ్డులో పెడితే పాత సంచులు కొనేవాళ్లు తీసుకెళ్తారు, కట్ట మీద వదిలేస్తే నీళ్లలోకే పోతుంది. మేత అమ్మే కంపెనీలే ఖాళీ సంచులు వెనక్కి తీసుకోవాలని నేను కనిపించిన ప్రతి డీలర్‌తోనూ అంటున్నాను. మీరు శాంపిల్ కోసం వెళ్లినప్పుడు రైతుతో ఈ మాట కూడా మాట్లాడి రండి.