పాడుబడ్డ ఫామ్‌హౌస్ దగ్గర డిటెక్టర్ తిప్పాలంటే ఎవరిని అడగాలి?

మీరు అడిగింది ఇదీ: డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో రోడ్డు పక్కనే కప్పు కూలిన పాత ఇల్లు, మోకాలెత్తు గడ్డి, గేటుకి తుప్పు పట్టిన గొలుసు. ఏళ్లుగా మనిషి జాడ లేదు. పక్క పొలాయన "పర్లేదు, ఎవరూ ఏమనరు" అన్నాడు. పాత నాణేలు వెతకడానికి మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెళ్లొచ్చా? సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అదే డిటెక్టర్ తాతగారి పాత ఇంటి స్థలంలో తిప్పొచ్చా?

వెళ్లకండి. ఇల్లు కూలినా దాని పన్ను నోటీసు ప్రతి ఏడూ ఎవరో ఒకరి పేరు మీద వెళ్తూనే ఉంటుంది. ఆ పేరు తెలుసుకోవడానికి ఇంట్లో కూర్చుని పది నిమిషాలు చాలు. పక్క పొలాయన దగ్గర మీకు కావాల్సింది అనుమతి కాదు (అది ఇచ్చే హక్కు ఆయనకి లేదు), కబుర్లు: ఆ గడ్డి ఎవరు కోసుకెళ్తారు, అప్పుడప్పుడు కనిపించే ఆవులు ఎవరివి, జింకల సీజన్‌లో వేటకి ఎవరొస్తారు. ఇవన్నీ ఆయనకి తెలుసు.

"బోర్డు లేదు కదా" అనేది చాలామంది చేసే మొదటి తప్పు. టెక్సస్ చట్టంలో బోర్డు ఒక్కటే హెచ్చరిక కాదు. మనుషుల్ని ఆపడానికో పశువుల్ని నిలపడానికో వేసిన కంచె ఉంటే అదే హెచ్చరిక. మనుషులు తినే పంట వేసి ఉన్నా అంతే. చెట్ల మీద, కంచె గుంజల మీద ఊదారంగు పెయింట్ గీతలు కనిపిస్తే అది ఎవరో పిల్లల పని అనుకోకండి. నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో, కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పుతో నిలువు గీత ఉంటే "లోపలికి రావద్దు" అని బోర్డు పెట్టినట్టే లెక్క. దాటితే మామూలుగా క్లాస్ బీ నేరం: 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్న మనవాళ్లకి జరిమానా కంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160 ఫారంలో "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అని అడుగుతారు. శిక్ష పడిందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఒక పాత నాణెం కోసం కాన్సులేట్ కిటికీ ముందు ఆ కథంతా చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక ఓనర్ సంగతి. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే ఆఫీసు) వెబ్‌సైట్‌లో మ్యాప్ తెరిచి ఆ స్థలం మీద నొక్కండి. పేరు, చిరునామా రాసుకుని పేజీ మూసేయకండి, అసలు సమాచారం మిగతా గడుల్లో ఉంటుంది. మెయిలింగ్ అడ్రస్, స్థలం అడ్రస్ ఒకటి కాకపోతే ఓనర్ దూరంగా ఉంటున్నట్టు, ఉత్తరం ఆ రెండో అడ్రస్‌కి రాయాలి. డీడ్ (భూమి దస్తావేజు) చరిత్రలో ఆఖరి తేదీ చూడండి. నలభై ఏళ్లుగా ఒకే ఇంటిపేరు ఉంటే ఆ కుటుంబానికి ఆ నేలతో అనుబంధం ఉంది. రెండేళ్ల కిందట మారి ఉంటే కొన్నది బిల్డర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ కౌంటీలో ప్రాస్పర్, సెలీనా వైపు పొలాలు సబ్‌డివిజన్లు (ఇళ్ల కాలనీలు) అయిపోతున్న తీరు మీకు తెలిసిందే.

అన్నిటికంటే ముఖ్యమైన గడి వ్యవసాయ విలువ. 1-డి-1 అనే లెక్కలో (వ్యవసాయ భూమికి ఇచ్చేది) పన్ను తగ్గింపు ఉందంటే ఆ భూమి గత ఏడేళ్లలో కనీసం ఐదేళ్లు వ్యవసాయానికి వాడినట్టు చూపించాలి. అంటే మీరు "వదిలేసిన భూమి" అనుకుంటున్న చోట ఎవరో ఎండుగడ్డి కోస్తున్నారు, లేదా పశువుల్ని మేపుతున్నారు. అప్పుడు మీరు ఒప్పించాల్సింది ఇద్దరిని. ఓనర్ సరే అన్నా కౌలుదారుకి తెలియకపోతే ఆయన పికప్ వేసుకుని వస్తాడు, మాటలు బాగుండవు. కౌలుదారు ఒక్కడే సరే అంటే అదీ సరిపోదు.

పేరు గడిలో "ఎస్టేట్ ఆఫ్" అని ఉంటే ఓనర్ పోయారు, వారసుల మధ్య వ్యవహారం నడుస్తోంది. కౌంటీ క్లర్క్ దగ్గర ప్రొబేట్ (వీలునామా, వారసత్వ కేసుల) రికార్డులో ఎగ్జిక్యూటర్, అంటే ఆ ఆస్తి వ్యవహారం చూసే మనిషి పేరు దొరుకుతుంది. "ఎటాల్" అంటే ఇంకా భాగస్తులున్నారని. పన్ను నోటీసు అందుకునే మనిషితో మొదలుపెట్టి, మిగతావాళ్లకి అభ్యంతరం లేదని ఆయనతోనే కాగితం మీద రాయించుకోండి. ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకరు ఒప్పుకుని, వెండి డాలర్ దొరికాక ఇంకొకరు తగువుకి రావడం మన ఊళ్లలోనే కాదు, అక్కడా ఉంది. ఎల్ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పేరు కనిపిస్తే టెక్సస్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల అధికారి) సైట్‌లో వెతికితే రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున ఉత్తరాలు అందుకునే మనిషి) అడ్రస్ వస్తుంది. బిల్డర్లు చాలావరకు ఇన్సూరెన్స్ పేరు చెప్పి కాదంటారు. సైట్‌లో బుల్డోజర్ దగ్గర నిలబడ్డ సూపర్‌వైజర్ "చూసుకో" అంటే అది కంపెనీ మాట కాదు.

అడగడం ఎలా అంటే, ఓనర్ దగ్గర్లో ఉంటే శనివారం పొద్దున పది తర్వాత ఇంటికి వెళ్లండి. చేతిలో డిటెక్టర్, పార వద్దు. వేటగాళ్లు వేసుకునే మచ్చల (క్యామఫ్లాజ్) బట్టలు అసలే వద్దు. గేటు మూసి ఉంటే దాటకండి. దూరంగా ఉంటే చేత్తో రాసిన ఒక పేజీ ఉత్తరం. మీ పేరు, ఫోన్, ఏ పార్సెల్ నంబరు (కౌంటీ రికార్డులో ఆ స్థలం నంబరు), ఆయన పేరు మీకు ఎక్కడ దొరికిందో (ఇది చెప్పకపోతే భయపడతారు), ఏ రెండు తేదీలు, ఎంత లోతు తవ్వుతారు. తిరుగు కవరు మీద మీ అడ్రస్ రాసి స్టాంపు అంటించి పంపండి. మూడు వారాలు చూసి ఇంకొక్కసారి గుర్తు చేయండి. జవాబు రాకపోతే కాదన్నట్టే, ఇంకో స్థలం చూసుకోండి.

దొరికిన దాంట్లో సగం ఇస్తామని ఉత్తరం మొదట్లోనే రాస్తారు చాలామంది. పశువులున్న మనిషికి అంతకంటే చెవికెక్కే మాట వేరే ఉంది: "తవ్వినప్పుడు వచ్చిన మేకులు, తీగముక్కలు అన్నీ నేనే మోసుకెళ్తాను." పాత ఇంటి చుట్టూ మీకు నాణేల కంటే వందరెట్లు దొరికేది ఇనుమే. గడ్డితో పాటు తీగముక్క మింగిన ఆవుకి అది పొట్టలో గుచ్చుకుని గుండె దాకా పోవచ్చు, దాన్నే వాళ్లు హార్డ్‌వేర్ డిసీజ్ అంటారు. బయటికి తీసిన మేకుని గడ్డిలోకి విసిరేశారంటే, అంతకుముందు భూమిలో క్షేమంగా ఉన్న ప్రమాదాన్ని పైకి తెచ్చి పెట్టినట్టు. నడుముకి ఒక చెత్త సంచి కట్టుకోండి, సాయంత్రం ఆ సంచి ఓనర్‌కి చూపించండి. రెండోసారి పిలుపు దానివల్లే వస్తుంది.

ఒప్పుకున్నాక ఒక కాగితం రాసుకోండి, అర పేజీ చాలు. పార్సెల్ నంబరు, తేదీలు, వెళ్లకూడని చోట్లు, మీతో వేరేవాళ్లు రారని, గేటు ఎలా ఉంటే అలాగే వదులుతారని, దెబ్బ తగిలితే బాధ్యత మీదేనని, ఎప్పుడు వద్దన్నా ఆపేస్తారని. వస్తువుల సంగతి విడిగా స్పష్టంగా రాయండి. భూమిలో కూరుకుపోయిన వస్తువు సాధారణంగా భూయజమానిదే, కాగితంలో ఇచ్చినంతే మీది. పేరు చెక్కిన ఉంగరం, పతకం లాంటివి దొరికితే ఏ వాటా లేకుండా కుటుంబానికే ఇస్తామని రాస్తే బాగుంటుంది. 1964, అంతకుముందటి డైమ్, క్వార్టర్ దొరికితే అవి వెండివి, చూపించకుండా జేబులో వేసుకోకండి. ఇద్దరూ సంతకం చేసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. షెరిఫ్ డెప్యూటీ (కౌంటీ పోలీసు) వచ్చి అడిగితే చూపించేది అదే.

తవ్వడం గురించి ఒక్కటే చెప్తాను, అనుమతి పోయేది ఇక్కడే కాబట్టి. అక్కడి బ్లాక్‌ల్యాండ్ నేల అచ్చం మన నల్లరేగడి: ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే జిగట. జూలై, ఆగస్టుల్లో గుండ్రంగా కోసి తీసిన గడ్డి పెళ్ల మళ్లీ అతుక్కోదు, వారంలో పసుపు చుక్కల్లా ఎండిపోయి దూరానికే కనిపిస్తుంది. అక్టోబర్ తర్వాత, వాన పడ్డ రెండు మూడు రోజులకి వెళ్లండి. మూడు వైపులే కోసి నాలుగో వైపు వేళ్లు వదలండి, పుస్తకం అట్ట తెరిచినట్టు మడవండి. మట్టి తువ్వాలు మీద పోయండి, గడ్డి మీద కాదు. పిన్‌పాయింటర్ (గుంటలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్) ఉంటే గుంట సగానికి తగ్గుతుంది. తిరిగి పూడ్చి, తొక్కి, సగం సీసా నీళ్లు పోయండి. తెరిచి వదిలిన గుంటలో గుర్రం కాలు పడితే విరుగుతుంది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల మీకు ఎవరూ గేటు తీయరు.

నవంబర్ మొదలు జనవరి మొదటి వారాల దాకా జింకల వేట, వేట కోసం భూమి లీజుకి తీసుకున్నవాళ్లు అక్కడ ఉంటారు. ఆ తేదీలు ఓనర్‌ని అడిగి తప్పించండి. కూలిన ఇంట్లోకి అడుగు పెట్టకండి, పెరట్లో కుళ్లిన చెక్కలు కప్పిన పాత బావులుంటాయి. పాతకాలపు పొలాల్లో కుటుంబ సమాధులూ ఉంటాయి, రాయి లేకపోయినా అది శ్మశానమే, అక్కడ డిటెక్టర్ ఆపేయండి.

ఊరి సంగతి: డిటెక్టర్ సూట్‌కేసులో పెట్టకండి. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగినది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి తెలపాలి, దాచిపెడితే శిక్ష ఉంది. తాతగారి స్థలం పంచుకోకుండా ఉంటే పైన చెప్పిన "ఎటాల్" గొడవ అక్కడా ఉంటుంది. దానికి తోడు పాడుబడ్డ ఇంటి దగ్గర యంత్రం పట్టుకుని ఒక మనిషి కనిపిస్తే ఊళ్లో వాళ్లకి వచ్చే మొదటి అనుమానం గుప్తనిధుల ముఠా అనే, ఫోన్ వెళ్లేది పోలీసులకే.