డాక్టర్ సలహా: తాబేలు డిప్ప నొక్కితే మెత్తగా ఉంది

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడేళ్ల కిందట వేరుశనగ చేన్లో చిన్న తాబేలు దొరికితే ఇంటికి తెచ్చుకున్నాం. అప్పట్నుంచి మాకు బాగా కలిసొచ్చింది. డిప్ప నల్లగా ఉండి పసుపు గీతలు ఉంటాయి. ఈ మధ్య మెరుపు తగ్గింది, గుట్టలు గుట్టలుగా లేస్తోంది. ప్రతి శనివారం పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరినూనె రాస్తున్నాం. గోళ్లు పెరిగి వంకర తిరిగాయి. నెయిల్ కట్టర్‌తో తీయొచ్చా? మెరుపు రావడానికి ఏ నూనె మంచిది? పది రోజులుగా టమాటా, పాలన్నం పెట్టినా ముట్టడం లేదు. డిప్ప అంచు వేలితో నొక్కితే కాస్త మెత్తగా ఉంది. కడుపులో పురుగులేమోనని మా మామ వాళ్ల గొర్రెల మందు కొంచెం పట్టించాం. మా నాలుగేళ్ల పాపకు అదంటే ప్రాణం, ముద్దులు పెడుతూ ఉంటుంది.

జవాబు: మీరు అడిగింది నూనె గురించి. నేను మాత్రం గొర్రెల మందు అన్న చోట ఆగిపోయాను. బయట ఓ పొట్టేలు, రెండు కుక్కలు వెయిటింగ్‌లో ఉన్నాయి, అయినా ఇది రేపటికి ఆగే విషయం కాదని ఇప్పుడే రాస్తున్నాను.

ఏ మందు, ఎంత, ఎప్పుడు పట్టించారు? మూడింట్లో ఒక్కటీ రాయలేదు. మన జిల్లాలో గొర్రెలున్న ఇంట్లో గూట్లో చెయ్యి పెడితే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు సీసా దొరకడం మామూలే. గొర్రెకు అది మంచి మందు. తాబేలుకు విషం. ఈ జీవుల్లో అది మెదడు, నరాల మీద పనిచేసి కాళ్లు, మెడ, చివరికి ఊపిరి కూడా పడిపోయేలా చేస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు పెయింట్ బకెట్‌లో తాబేలును పెట్టుకుని వచ్చాడు. చెయ్యి తగిలితే తల లోపలికి లాక్కోవాల్సిన జీవి, మెడ బయటికి వేలాడేసి ఉంది. వెనక కాలు పట్టి లాగితే లాగినంత వచ్చింది, తిరిగి లోపలికి పోలేదు. ‘కొంచెమే వేశాను సార్’ అన్నాడు. గొర్రెకు కొంచెం అంటే కిలో బరువు లేని తాబేలుకు ఎంతో అతనికి తెలియదు. మూడో రోజు పోయింది. దీనికి విరుగుడు లేదు. లోపల మందు తగ్గేదాకా ఊపిరి నిలబెట్టుకుంటూ రావడమే.

మీరిచ్చింది ఐవర్‌మెక్టిన్ కాకపోవచ్చు. వేరే పురుగుల మందైనా సరే, గొర్రె లెక్కన పట్టించడం తప్పే. అయినా కడుపులో పురుగులున్నాయని మీకు ఎవరు చెప్పారు? పెంట పరీక్ష చేయకుండా నేనే చెప్పలేను. తిండి మానేసిందంటే పురుగులే అనుకోవడం, ఇంట్లో ఉన్న సీసా మూత తీయడం... ఈ అలవాటు వల్ల నా టేబుల్ మీదికి వచ్చే కేసులు రోగాల కేసులకేమీ తీసిపోవు. కోప్పడుతున్నానని అనుకోవద్దు.

ఇక డిప్ప. అది తాబేలు మోసుకు తిరిగే ఇల్లు అనుకుంటాం గానీ, దాని వెన్నెముక, పక్కటెముకలు అందులోనే కలిసిపోయి ఉంటాయి. పైన మన గోరు లాంటి పొర, కింద బతికున్న ఎముక. గట్టిగా నొక్కితే దానికి తెలుస్తుంది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లకు మొదట్లో డిప్ప కాస్త మెత్తగా ఉంటే భయం లేదు. మూడేళ్లు దాటినదానికి రాయిలా ఉండాలి. చూడకుండా ఖాయంగా చెప్పను గానీ, అంచు మెత్తబడటం, తిండి మానేయడం కలిపి చూస్తే నా మొదటి అనుమానం కాల్షియం లోపమే. ఆడదైతే కడుపులో గుడ్లు ఉండొచ్చు, వాటికీ కాల్షియం కావాలి. ఎక్స్‌రే తీస్తే రెండూ తేలతాయి.

టమాటాలో కాల్షియం ఎంత? పాలు తాబేలుకు అరగవు, అన్నం దాని తిండే కాదు. ఇది గడ్డి, ఆకులు తిని బతికే జీవి. గరిక, మునగాకు, మందార ఆకులు పెట్టాలి. మన గట్ల మీద ఉండే నాగజెముడు ముళ్లు తీసి ముక్కలు చేసి పెట్టినా మంచిదే. పాలు కారే జెముడు జోలికి మాత్రం పోవద్దు. పాలకూర రోజూ పెడితే అందులోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా ఒంటబట్టనివ్వవు. ఎండ కూడా కావాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండలో విటమిన్ డి తయారవదు, దానికి కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఉదయం ఎండలో అరగంట తిరగనివ్వండి, పక్కనే నీడ ఉండాలి. మన మే నెల మధ్యాహ్నం టబ్బులో పెట్టి మరచిపోతే ఉడికిపోతుంది. ఇవన్నీ అది కోలుకున్నాక పనికొచ్చే మాటలు. ఇప్పుడు నోరు తెరిచి కాల్షియం సిరప్ పోయకండి, ఊపిరి గొట్టంలోకి పోతుంది.

గుట్టలంటారా, అదే మీకు పెద్ద టెన్షన్‌గా ఉన్నట్టుంది. మీరు చెప్పిన పసుపు గీతల జాతికి వీపు మీద కొంత ఎత్తుపల్లాలు సహజంగా వచ్చేవే. నూనె మానేయండి. జిడ్డుకు దుమ్ము అంటుకుని పగుళ్లలో బూజు పడుతుంది. కుంకుమ రంగు కూడా వద్దు. దణ్ణం పెట్టుకోవాలనిపిస్తే దూరం నుంచి పెట్టుకోండి. దుమ్ము పోవాలంటే గోరువెచ్చని నీళ్లు, మెత్తటి పాత టూత్‌బ్రష్ చాలు. డిప్ప మీద గుంటలు, దుర్వాసన, చీము కనిపిస్తే అది వేరే జబ్బు.

గోళ్లు మీరు తీయొద్దు. లోపల రక్తనాళం ఉంటుంది, నల్ల గోరులో అది కనిపించదు. పొరపాటున తెగితే కార్న్‌ఫ్లోర్ అద్ది శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు అదిమి పట్టండి. టైల్స్ మీద తిరిగే తాబేలుకు గోళ్లు అరగవు. పాలిష్ చేయని కడప బండ ఒకటి తిండి పెట్టే చోట వేస్తే నడిచి నడిచి అవే అరుగుతాయి. అక్వేరియం షాపులో ఎర్రచెవి తాబేలు కొన్నవాళ్లకు ఇంకో మాట: మగదానికి ముందు కాళ్ల గోళ్లు పొడుగ్గానే ఉంటాయి, కత్తిరించకండి.

నల్ల డిప్ప, పసుపు గీతలు అన్నారు. ఆ గీతలు ఒక్కో గుట్ట మీంచి నక్షత్రంలా విచ్చుకుంటే అది నక్షత్ర తాబేలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచడం నేరం. 2022 సవరణ తర్వాత అది షెడ్యూల్ ఒకటిలో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది. చేన్లో దొరికింది, కొనలేదు అంటే సరిపోదు. అలాగని భయపడి మళ్లీ చేన్లో వదిలేయకండి, ఈ స్థితిలో అది బతకదు. దగ్గర్లోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి జబ్బుగా ఉందని చెప్పండి. వాళ్ల ద్వారానే పశువైద్యుడి దగ్గరికి చేరాలి. ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు ఉన్నాయి, ఎక్కడికి అన్నది వాళ్లు చూసుకుంటారు.

పాప ముద్దులు ఈ రోజే ఆపండి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకు దాంతో విరేచనాలు, జ్వరం ముదిరిపోవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి, దాని టబ్బు వంటింటి సింకులో కడగొద్దు. పాపకు ఇప్పటికే విరేచనాలు ఉంటే పిల్లల డాక్టరుకు ఇంట్లో తాబేలు ఉందని చెప్పండి.

ఫారెస్ట్ వాళ్లు వచ్చేదాకా తాబేలును చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత టవల్ పరిచి నీడలో ఉంచండి. తల నిలబెట్టలేకపోతుంటే నీళ్లలో పెట్టకండి, ముక్కు మునిగి చచ్చిపోతుంది. పెట్టెతో పాటు ఆ గొర్రెల మందు సీసా కూడా ఇచ్చి పంపండి. లేబుల్ చిరిగిపోయి ఉన్నా సరే.