పాత పికప్‌లో స్టీరింగ్ లూజు, చక్రాల వణుకు: స్టీరింగ్ బాక్స్ స్క్రూ జోలికి ముందే వెళ్లకండి

తన పాత పికప్‌లో వేగం 60 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ వణుకుతోందని, నాలుగు వేళ్ల ఆట (చక్రాలు కదలకుండానే స్టీరింగ్ ఊరికే తిరగడం) ఉందని, బండి ఎడమకు లాగుతోందని, స్టీరింగ్ బాక్స్ స్క్రూ బిగించి చూశానని ఒకరు రాశారు. నా పాత పికప్‌కి ఈ మూడూ ఒకేసారి పట్టుకున్నాయి. ఆయనలాగే నేనూ మొదట స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె) మీది స్క్రూ బిగించాను. ఆట తగ్గింది గానీ, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుగా రావడం మానేసింది. బాక్స్ లోపల అరిగేది ఎక్కువగా మధ్యభాగమే. అక్కడికి సరిపోయేలా బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. పైగా స్క్రూ ముందు ఎక్కడుందో గుర్తు పెట్టుకోలేదు, పాత చోటికి తేవడానికి ఒక పూట పోయింది.

అసలు లూజు ఎక్కడుందో కళ్లతో చూడాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, బండి నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడించాలి. ఇంకొకరు కింద నుంచి జాయింట్లు ఒక్కొక్కటే గమనించాలి. ఒక ముక్క కదిలి, దాని పక్కది ఆలస్యంగా కదిలితే దొంగ అక్కడే. నా బండిలో ఐడ్లర్ ఆర్మ్ (స్టీరింగ్ రాడ్లను రెండో పక్క పట్టుకునే చేయి) పైకీ కిందికీ ఊగుతూ దొరికింది, ఒక టై రాడ్ ఎండ్ (చక్రాన్ని తిప్పే రాడ్ చివరి జాయింట్) రబ్బరు చిరిగి గ్రీజు ఎండిపోయి ఉంది. అప్పటికే రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించాను! జాయింట్లు ఆడుతుంటే ఆ కొలత నిలవదు.

తర్వాత జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి (జాకీని నమ్మి కిందికి దూరకండి), చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన బాల్ జాయింట్ లేదా కింగ్ పిన్. మాది బేరింగే. టేపర్ బేరింగ్ (నట్టుతో బిగుతు సరిచేసే రకం) అయితే చక్రం తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, చేత్తో ఎంత బిగుస్తుందో అంతే బిగించాలి. గట్టిగా బిగిస్తే బేరింగ్ వేడెక్కి పాడవుతుంది. నట్టు వదులు కాకుండా ఆపే స్ప్లిట్ పిన్ మాత్రం కొత్తదే వేయండి.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని కొత్తదాన్నీ అన్నే చుట్లు ఎక్కించండి. అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్తుంది.

ఎడమకు లాగడం సంగతి వేరు. ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, లాగుడు పక్క మారితే టైరుదే తప్పు. నాకు మారలేదు. కొంచెం దూరం నడిపి ఆపాక ఎడమ చక్రం దగ్గర మాత్రమే వేడి కొట్టింది: కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జారే పిన్నులు తుప్పుపట్టి బ్రేకు వదలడం లేదు. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు రాశాక లాగుడు పోయింది.

వణుకు పూర్తిగా పోయింది మాత్రం చివర్లో చక్రాల బ్యాలెన్సింగ్ (చుట్టూ బరువు సమంగా ఉండేలా చేయడం) చేయించాకే. అన్నీ అయ్యాక అలైన్‌మెంట్, 50 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మరోసారి బిగింపు. ఇప్పటికీ నా స్టీరింగ్‌లో వేలెడు ఆట ఉంది. ఆ తరం బాక్స్‌కి అంత మామూలే, స్క్రూని మళ్లీ ముట్టుకోలేదు.